రౌతు లేని గుర్రం

ముంబయిలో ఒక పేట పేరు నల్లగుర్రం. ఆ పేరుకు మూలమైన విగ్రహాన్ని అక్కడి నుంచి తీసేసి అరవై ఏళ్ళయింది. ఎక్కి కూర్చున్నది ఎవరు, దేంతో చేశారు, ఎవరు తీశారు అని అడిగితే మాత్రం ఇవాళ్టికీ తలా ఒక మాట చెబుతారు.

చర్చిగేట్ స్టేషన్ బయట టాక్సీ ఎక్కి 'కాలా ఘోడా' అంటే చాలు, డ్రైవరు మరో మాట అడక్కుండా మీటరు వేస్తాడు. మహాత్మా గాంధీ రోడ్డు, దుబాష్ మార్గ్ కలిసే చోటు అది. ఒక పక్క జహంగీర్ ఆర్ట్ గ్యాలరీ, ఎదురుగా ఎల్ఫిన్‌స్టన్ కాలేజీ, దాని పక్కనే పసుపు రాతి డేవిడ్ ససూన్ లైబ్రరీ. గ్యాలరీ ముందు ఫుట్‌పాత్ మీద చిత్రకారులు పటాలు పరుచుకుని, కూర్చుంటే మీ బొమ్మ గీసిస్తామని పిలుస్తుంటారు. నల్లగుర్రమని పిలిచే ఈ కూడలిలో 1965 నుంచి 2017 దాకా గుర్రమన్నదే లేదు. కార్లు నిలుపుకునే జాగా ఉండేది. అర్ధ శతాబ్దం పాటు జనం లేని గుర్రం దగ్గర బస్సు దిగారు, లేని గుర్రం దగ్గర కలుసుకుందామని చెప్పుకున్నారు, లేని గుర్రాన్ని బట్టి దారి చెప్పారు.

విగ్రహాన్ని బట్టి దారి చెప్పడం మనకూ అలవాటే. నెల్లూరులో గాంధీబొమ్మ దగ్గర ఆపమంటాం. విశాఖ పాతనగరంలో 1904 నాటి విక్టోరియా కంచు విగ్రహం ఉన్న చోటు ఇప్పటికీ రాణీబొమ్మే. అయితే గాంధీబొమ్మ అన్నప్పుడు నోట గాంధీ పేరు పలుకుతుంది, రాణీబొమ్మ అంటే రాణి గుర్తొస్తుంది. బొంబాయి జనం ఆ మాత్రం మర్యాద కూడా చెయ్యలేదు. సామ్రాజ్యానికి వారసుణ్ణి తెచ్చి నడిరోడ్డు మీద గుర్రమెక్కించి నిలబెడితే, కింద ఉన్న గుర్రానికి పేరు పెట్టి పైనున్న మనిషిని వదిలేశారు. రౌతు కొద్దీ గుర్రం అన్న సామెత ఇక్కడ పారలేదు.

ఎక్కినవాడెవరు?

మొదటి పేచీ ఇదే. చాలా గైడు పుస్తకాల్లో 'ఏడో ఎడ్వర్డ్ రాజు విగ్రహం' అని ఉంటుంది. కానీ విగ్రహం నిలిపిన 1879లో ఆయన రాజు కాడు. తల్లి విక్టోరియా ఆ తర్వాత ఇంకో ఇరవై రెండేళ్ళు సింహాసనం దిగలేదు. ఆయన కిరీటం పెట్టుకునేసరికి అరవయ్యో పడికి చేరువలో ఉన్నాడు. గుర్రం మీద ఉన్నది 1875 నవంబరు 8న బొంబాయిలో ఓడ దిగిన ప్రిన్స్ ఆఫ్ వేల్స్. మర్నాడే ఆయనకు ముప్పై నాలుగు నిండాయి. పుట్టినరోజు ఇక్కడే జరుపుకున్నాడు, ప్రిన్సెస్ డాక్‌కు శంకుస్థాపన చేశాడు, ఎలిఫెంటా గుహల్లో శివుడి సాక్షిగా విందు ఆరగించాడు. తర్వాత నాలుగు నెలలు దేశమంతా తిరిగి, వేటలాడి, సంస్థానాధీశుల కానుకలు ఓడకెత్తించుకుని వెళ్ళిపోయాడు.

ఆయన పక్షాన ఒక మాట చెప్పాలి. ఇక్కడి ఇంగ్లిష్ అధికారులు భారతీయులను నోటికొచ్చినట్టు తూలనాడటం చూసి ఆయనకు ఒళ్ళు మండింది. మనిషి నల్లగా ఉన్నంత మాత్రాన నీచంగా చూస్తారా అని లండనుకు రాసిన ఉత్తరాల్లో తప్పుపట్టాడు. ఆ సంగతి తెలిసినవాళ్ళు అప్పుడూ తక్కువే, ఇప్పుడూ తక్కువే.

విగ్రహానికి డబ్బు పెట్టింది ఆల్బర్ట్ అబ్దుల్లా డేవిడ్ ససూన్. పుట్టింది బాగ్దాద్‌లో. తండ్రి డేవిడ్ ససూన్ అక్కడి పాలకుల వేధింపులు పడలేక పారిపోయి 1830లలో బొంబాయి చేరిన యూదు వర్తకుడు. పత్తి, ఉన్ని, అన్నిటికన్నా మిన్నగా చైనాకు ఎగుమతయ్యే నల్లమందు ఆ కుటుంబాన్ని కోటీశ్వరులను చేశాయి. ఆ డబ్బుతోనే ఊళ్ళో ఆస్పత్రులు, బడులు, లైబ్రరీ, కొలాబా దగ్గర ససూన్ డాక్ వెలిశాయి. కాలా ఘోడా చుట్టుపక్కల ససూన్ల చెయ్యి తగలని వీధి లేదనవచ్చు. లైబ్రరీ తండ్రి పేరు మీద ఉంది, నాలుగడుగులు వేస్తే 1884లో కట్టిన కెనెసెత్ ఎలియాహూ యూదు ప్రార్థనాలయం ఆ ఇంటివాళ్ళదే. యువరాజు విగ్రహం రాజభక్తితో ఇచ్చారా, వ్యాపారానికి పనికొస్తుందని ఇచ్చారా అని చరిత్రకారులు తర్కించుకుంటారు. కొత్తగా వచ్చిన ఊళ్ళో, కొత్త దొరల కింద, అల్పసంఖ్యాక మతానికి చెందిన షావుకారికి ఆ రెండూ ఒకటే అయి ఉంటాయి. ఆల్బర్ట్ ఇంగ్లండులో స్థిరపడి 1890లో బారోనెట్ అయ్యాడు. యువరాజుకు ఆప్తులైన కుటుంబాల్లో ససూన్లు ఒకరయ్యారు.

రాయా, కంచా?

రెండో పేచీ విచిత్రమైనది. 'నల్లరాతి విగ్రహం' అని రాసినవాళ్ళు కోకొల్లలు. పేరులో నలుపు ఉంది కాబట్టి రాయే అయి ఉంటుందనుకున్నారు. విగ్రహం చెక్కింది కాదు, పోత పోసింది. చేసినవాడు జోసెఫ్ ఎడ్గర్ బోహ్మ్. వియన్నాలో పుట్టి లండన్‌లో స్థిరపడి విక్టోరియా రాణికి ఇష్ట శిల్పి అయినవాడు. 1887 స్వర్ణోత్సవ నాణేల మీద రాణి ముఖం ఆయన చేతిదే. కంచు విగ్రహాన్ని అరేబియా సముద్రపు ఉప్పుగాలిలో, ఏటా నాలుగు నెలల వానలో నిలబెడితే ఏ రంగుకొస్తుందో చెప్పనక్కర్లేదు. చూసినవాడు కాలా ఘోడా అన్నాడు, చూడనివాడు దాన్ని రాయి చేశాడు.

అదే ఊళ్ళో బైకుల్లాలో ఇంకో విగ్రహం ఉంది. పార్సీ పెద్దమనిషి కర్సెట్జీ మానెక్‌జీ శ్రాఫ్‌ది. ఎత్తైన స్తంభం మీద నిలబడి ఉంటాడు. ఊరు ఆయనకు పెట్టిన పేరు 'ఖడా పార్సీ'. నిలబడ్డ పార్సీ అని, అంతే. పీఠం మీద ఏం చెక్కారో చదవకుండా తల పైకెత్తి చూసి చెప్పుకున్న పేర్లివి. చదువు రానివాళ్ళు, ఆ ఊరికి పొట్టచేత పట్టుకుని వచ్చినవాళ్ళు పెట్టిన పేర్లు. అలా వచ్చినవాళ్ళలో మనవాళ్ళు తక్కువేం కాదు. నిజాం ఇలాకా నుంచి వెళ్ళిన తెలుగు కూలీలను బొంబాయి 'కామాఠీలు' అంది. పద్దెనిమిదో శతాబ్దం చివర సముద్రపు మడుగులు పూడ్చి ఏడు దీవులను ఒక ఊరు చేస్తున్నప్పుడు మట్టి మోసి రాళ్ళు కొట్టినవాళ్ళు వాళ్ళు. వాళ్ళు కాపురమున్న పేట కామాఠిపుర. తర్వాత ఆ పేరుకు వేరే అపఖ్యాతి అంటుకుంది గానీ, దాని పుట్టుక తెలుగు కూలి చెమటలో ఉంది. వెనక పద్మశాలీలు మిల్లులకు వెళ్ళారు, పాలమూరు వలస జనం బొంబాయి బస్సెక్కారు. తట్ట నెత్తిన పెట్టుకుని నడిచే మనిషికి ఎడ్వర్డుతో పనేముంది? గుర్రం దగ్గర కుడికి తిరగాలి, అది తెలిస్తే చాలు.

ఎవరూ ఎత్తని సంగతి

రాజా, యువరాజా? రాయా, కంచా? ఈ పేచీల నడుమ 1879 అన్న అంకె ఎవరి కంటికీ ఆనదు. నాకు మాత్రం ఈ విగ్రహం కథలో అన్నిటికన్నా బరువైనది అదే.

యువరాజు ఓడెక్కి వెళ్ళిన ఏడాదే, 1876లో, ధాతు నామ సంవత్సరంలో దక్కను మీద వాన ముఖం చాటేసింది. రాయలసీమలో తరాల పాటు చెప్పుకున్న ధాతు కరువు అదే. కర్నూలు, బళ్ళారి, కడప జిల్లాలు ఎండిపోయాయి. మైసూరు, హైదరాబాదు సంస్థానాలు, బొంబాయి ప్రెసిడెన్సీలోని దక్కను జిల్లాలు కూడా. 1877 జనవరి 1న వైస్రాయి లిట్టన్ ఢిల్లీలో దర్బారు జరిపి విక్టోరియాను హిందూ దేశ చక్రవర్తినిగా చాటించాడు. అదే నెలలో మద్రాసు ప్రభుత్వం కరువు ఖర్చు ఎక్కువ పెడుతోందని, అదుపు చెయ్యమని ఒక అధికారిని పంపాడు. ఆయన సర్ రిచర్డ్ టెంపుల్.

టెంపుల్ అంతకు మూడేళ్ళ ముందు బీహారు కరువులో బర్మా నుంచి బియ్యం దింపించి జనాన్ని కాపాడాడు. డబ్బు దుబారా చేశాడని అప్పుడు చీవాట్లు తిన్నాడు. ఈసారి ఆ మాట పడదలుచుకోలేదు. కరువు పనుల్లో రాళ్ళు కొట్టే మగవాడికి రోజుకు పౌను గింజలు, పైన ఒక అణా చాలునని ఖాయం చేశాడు. పౌనంటే అర కిలోకు తక్కువ. ఆడవాళ్ళకు, పిల్లలకు ఇంకా తక్కువ. 'టెంపుల్ కూలి' అని దానికి పేరే పడింది. మద్రాసు శానిటరీ కమిషనర్ విలియం కార్నిష్ ఆ తిండితో మనిషి పని చెయ్యడం మాట అటుంచి బతకడని గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకు మద్రాసు ప్రభుత్వం కూలి పెంచింది. ఆలోగా జరగాల్సింది జరిగిపోయింది. ఆ కరువులో బ్రిటిష్ ఇలాకాలోనే సుమారు 55 లక్షల మంది పోయారని లెక్క.

టెంపుల్‌కు ఏమైంది? 1877 వేసవిలో పదోన్నతి వచ్చింది. బొంబాయి గవర్నర్ అయ్యాడు, 1880 దాకా ఆ గద్దె మీదే ఉన్నాడు. అంటే బోహ్మ్ పోసిన గుర్రం బొంబాయి నడివీధిలో నిలబడేనాటికి ఊరి పెద్ద దొర ఆయనే. అప్పటికి పల్లెలు ఇంకా తేరుకోలేదు. కరువు జిల్లాల నుంచి బతకపోయినవాళ్ళు మిల్లుల గేట్ల ముందు, రేవుల్లో కూలికి నిలబడి ఉన్నారు. యువరాజు మీద కోపం రావడానికి ఆయన చేసిన తప్పు పెద్దగా ఏమీ లేకపోవచ్చు. ఆ ఏడాది, ఆ ఊళ్ళో, ఆ గవర్నరు ఏలుబడిలో ఒక షావుకారు లక్షలు పోసి రాజభక్తిని కంచులో పోయించడం మాత్రం చరిత్ర పుస్తకంలో ఫుట్‌నోట్‌గా అయినా ఉండాలి. ఏ గైడూ ఈ రెంటినీ కలిపి చెప్పగా నేను వినలేదు.

ఎవరు దించారు?

మూడో పేచీ. ఉద్యమకారులు కూల్చేశారని ఒక వాదన, ప్రభుత్వమే తరలించిందని ఒకటి. బొంబాయిలో దొరల విగ్రహాల మీద కోపం కొత్తదేమీ కాదు. పూణె ప్లేగు కమిషనర్ ర్యాండ్‌ను చంపి ఉరికంబమెక్కిన దామోదర్ చాపేకర్, అంతకుముందు 1896లో ఫోర్టులోని విక్టోరియా పాలరాతి విగ్రహానికి తారు పూసి చెప్పుల దండ వేసింది తానేనని చెప్పుకున్నాడు. స్వాతంత్ర్యం వచ్చాక 1957లో, సిపాయిల తిరుగుబాటుకు నూరేళ్ళు నిండినప్పుడు, దొరల విగ్రహాలన్నీ పీకెయ్యాలని సోషలిస్టులు దేశమంతా ఆందోళన చేశారు. నెహ్రూ తొందరపడలేదు. చరిత్ర ఉన్నవి, కళ ఉన్నవి, మనసు నొప్పించేవి అని విడదీసి చూడాలని, మెల్లగా తరలించాలని పార్లమెంటులో చెప్పాడు.

ఆపైన ఊరి రంగు మారింది. 1960 మే 1న మహారాష్ట్ర ఏర్పడింది. మర్నాటి ఏడు గణతంత్ర దినోత్సవాన గేట్‌వే ఆఫ్ ఇండియా ఎదుట గుర్రమెక్కిన శివాజీ వచ్చాడు. కాలా ఘోడా నుంచి అక్కడికి నడక దూరమే. ఒకే పేటలో రెండు గుర్రాలు నాలుగేళ్ళు నిలబడ్డాయి. 1965లో వసంతరావ్ నాయక్ ప్రభుత్వ కాలంలో మొదటిది వెళ్ళిపోయింది. కూల్చారన్న కథకు నేను మొగ్గు చూపను. కూల్చిన కంచు విగ్రహం సాధారణంగా కరిగిపోతుంది, లేకపోతే చెయ్యో కాలో పోగొట్టుకుంటుంది. ఇది ఐదారు కిలోమీటర్ల దూరంలో రౌతుతో సహా పీఠమెక్కి కూర్చుంది.

అవును, అది పోలేదు. బైకుల్లాలో జంతు ప్రదర్శనశాల ఆవరణలో ఉంది. ముంబయివాళ్ళలోనూ చాలామందికి తెలియని సంగతి. పూర్వం విక్టోరియా గార్డెన్స్, జనం నోట రాణీబాగ్, ఇప్పుడు శివాజీ తల్లి జిజాబాయి పేరు మీద ఉన్న తోట అది. గేటు దాటగానే భావు దాజీ లాడ్ మ్యూజియం, దాని పక్కన ఎలిఫెంటా దీవికి ఆ పేరు తెచ్చిన రాతి ఏనుగు. ఫోర్టులో తారు పూయించుకున్న విక్టోరియా సహా, వీధుల్లోంచి ఊడబెరికిన దొరల విగ్రహాలు చాలా ఈ ఆవరణకే చేరాయి. తల్లీకొడుకులిద్దరికీ చివరికి ఒకే తోటలో చోటు దొరికింది. ఆదివారం అక్కడికి వెళ్ళి చూడాలి. పిల్లల్ని భుజాన ఎక్కించుకుని, టిఫిన్ డబ్బాలు పట్టుకుని కుటుంబాలకు కుటుంబాలు పెంగ్విన్ల కోసం బారులు తీరుతాయి. దక్షిణ అమెరికా జాతి పెంగ్విన్లు 2016లో వచ్చాయి, మర్నాటి ఏడు నుంచి చూడనిస్తున్నారు. అంత దూరం నుంచి వచ్చిన పక్షుల కోసం పోతూ పోతూ, ఇంటిపేరు లాంటి గుర్రాన్ని ఎవరూ తలెత్తి చూడరు.

పేరు మార్చలేకపోయారు

విక్టోరియా టెర్మినస్ ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ అయింది. ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియం ఛత్రపతి శివాజీ మహారాజ్ వస్తు సంగ్రహాలయ అయింది. ర్యాంపార్ట్ రో దుబాష్ మార్గ్ అయింది. 1995లో బొంబాయే ముంబయి అయింది. కాలా ఘోడా జోలికి ఎవరూ పోలేదు. అందులో మార్చడానికి దొర పేరు లేదు మరి. కూలీనాలీ జనం నూరేళ్ళ కిందటే దొర పేరు కొట్టేశారు. ప్రభుత్వం 1965లో క్రేను తెచ్చి చేసిన పనిని వాళ్ళు నోటితోనే చేసి పెట్టారు.

అరుణ్ కోలట్కర్ ఈ కూడలిలోని వేసైడ్ ఇన్ కిటికీ దగ్గర కూర్చుని చూసిన లోకాన్ని 2004లో 'కాలా ఘోడా పొయెమ్స్'గా తెచ్చాడు. గుర్రం లేని ఆ దిమ్మె చుట్టూ ఊడ్చేవాళ్ళు, ముష్టివాళ్ళు, వీధికుక్కలు, ఇడ్లీలమ్మే ఆమె ఆ కవితల్లో పాత్రలు. పేరు పెట్టినవాళ్ళ వారసుల గురించి పేరున్న కవి రాసిన పుస్తకం అది. 1998లో కాలా ఘోడా అసోసియేషన్ పుట్టింది, మరుసటి ఏడు నుంచి ఫిబ్రవరిలో తొమ్మిది రోజుల కళల పండగ మొదలైంది. గుర్రం లేని పేటకు గుర్రం బొమ్మలతో పోస్టర్లు పడుతుంటే, అసలు గుర్రాన్నే తెస్తే పోలా అన్న మాట రాకుండా ఎలా ఉంటుంది? పాతది తెస్తే పైనున్నాయన కూడా వస్తాడు. అక్కడే చిక్కు.

2017 జనవరిలో కొత్త గుర్రం వచ్చింది. పేరు 'స్పిరిట్ ఆఫ్ కాలా ఘోడా'. ఆర్కిటెక్ట్ అల్ఫాజ్ మిల్లర్ రూపకల్పన, శిల్పి శ్రీహరి భోస్లే. ఎత్తు పాతిక అడుగులు. వీపు ఖాళీ. కిందికెళ్ళి చూస్తే నిజంగా బాగుంది. కాని ఆ ఖాళీ వీపు మీద నాకు కొంచెం అనుమానం ఉంది. ఆనాడు కూలివాడు రౌతును వదిలేసింది రౌతు కంటికి కనబడుతుండగా. అందులో ఒక పొగరుంది. ఇప్పుడు రౌతును తీసేసింది ఎవరితోనూ తగవు రాకూడదని. పీఠం కింద నిలబడి సెల్ఫీ తీసుకునే కుర్రాడికి ససూన్ నల్లమందు గానీ, టెంపుల్ కూలి గానీ, 1965 క్రేను గానీ గుర్తుకు రావాల్సిన అవసరం లేకుండా చేసేశారు. విగ్రహాన్ని మళ్ళీ పెట్టారు, వివాదాన్ని మాత్రం బైకుల్లాలోనే ఉంచేశారు.

చెన్నైలో సంగతి వేరు. మన కడప, అనంతపురం, కర్నూలు ప్రాంతాలకు కలెక్టరుగా చేసి, 1827లో పత్తికొండలో కలరాతో కన్నుమూసిన థామస్ మన్రో అక్కడ ఇప్పటికీ గుర్రం మీదే ఉన్నాడు. ఎవరూ దించలేదు. సీమలో పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నారు కూడా. ఆ గుర్రానికి జీను లేదు, కాళ్ళు పెట్టుకునే రికాబులు లేవు. శిల్పి చాంట్రీ మరిచిపోయి, ఆ దిగులుతో ప్రాణం తీసుకున్నాడని ఊళ్ళో ఒక కథ. లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నాలుగో జార్జికి కూడా ఆయన జీను లేకుండానే గుర్రమెక్కించాడు. మరుపు కాదు, ఆయన పద్ధతే అది. విగ్రహం గుర్రం మీద ఉంటే చాలు, మనవాళ్ళ చూపు గుర్రం మీదికే పోతుంది.

మనవాళ్ళదే కాదు. ఢిల్లీలో ఎర్రకోట దగ్గర ఎడ్వర్డుకు ఇంకో గుర్రం విగ్రహం ఉండేది. థామస్ బ్రాక్ చేసింది, 1922లో నిలిపింది. ఆ పార్కు నేతాజీ పేరు మీదికి మారింది. విగ్రహాన్ని 1969లో కెనడాకు పంపేశారు. ఇప్పుడది టొరంటో విశ్వవిద్యాలయం పక్కన క్వీన్స్ పార్కులో ఉంది. మన పిల్లలు ఎందరో అక్కడ చదువుతున్నారు, రోజూ దాని పక్క నుంచే నడుస్తుంటారు. అక్కడి విద్యార్థులకు ఏళ్ళ తరబడి ఒక ఆనవాయితీ ఉంది. రాత్రిపూట వెళ్ళి విగ్రహానికి రంగు పూసి వస్తారు. రాజు ముఖానికి కాదు, కిరీటానికీ కాదు. గుర్రం వృషణాలకు.